"మౌనం అర్ధాంగీకారం": ఫోన్లోనూ చెల్లుతుందా?

చంపావతి (విజయనగరం):
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంటర్, డిగ్రీ పిల్లలకు పంచడానికి రెండు పేజీల కరపత్రం తయారవుతోంది. యాప్‌లు, ఏఐ సంస్థలు మన సమాచారం తీసుకునే ముందు ఏం అడగాలి, మనం ఏం చూసుకోవాలి అన్నది విషయం. "మౌనం అర్ధాంగీకారం కాదు" అని శీర్షిక పెట్టాం. ఒకాయన దాన్ని "అర్థాంగీకారం" అని దిద్దారు. ఇంకొకరు సామెతతో పేచీ ఎందుకు, "మీ సమ్మతి" అని పెట్టి ఊరుకోమన్నారు. ఏటంటారు?

నాగావళి (శ్రీకాకుళం):
ధ-కారమే. అర్ధం అంటే సగం. థ వేస్తే భావమో డబ్బో అవుతుంది. సంస్కృతంలో వినపడే మాట "మౌనం సమ్మతి లక్షణం". అందులో సగం ప్రసక్తి లేదు, పలక్కపోతే ఒప్పుకున్నట్టే. తెలుగువాళ్ల నోట పడ్డాక అది సగానికి దిగింది. మనవాళ్లు మంచి పనే చేశారు గాని, వాడకంలో ఆ సగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పెళ్లి మాటల్లో పిల్ల తల దించుకుంటే ఈ ముక్క అనేసి ముహూర్తాలకు పోవడమే తప్ప, మిగతా సగం అడిగిందెవరు? కాబట్టి "కాదు" ఉండాలి. అన్నట్టు, ఊఁ కొట్టడం కూడా ఒప్పుకోవడం కాదు, వింటున్నానని చెప్పడమే.

వంశధార (నరసన్నపేట):
శీర్షిక బాగుంది గాని చట్టం ముందు సగమే నిలుస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సెక్షన్ 6 ప్రకారం ఒప్పుదల స్వేచ్ఛగా, ఫలానా పనికని, విషయం తెలిసి, షరతు లేకుండా, అనుమానానికి తావు లేకుండా ఇవ్వాలి. పైగా మనిషి స్పష్టంగా ఏదో ఒకటి చేసి చూపాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అందుకు సరిపోదు. యూరప్ న్యాయస్థానం 2019 అక్టోబరులో ప్లానెట్49 అనే సంస్థ కేసులో కుకీల (సైట్లు మన ఫోన్లో దాచే గుర్తు ఫైళ్ల) విషయమై ఇదే తేల్చింది. ఇక్కడివరకు మీ "కాదు" నూటికి నూరుపాళ్లు ఖరారు.

మన చట్టం ఇంకో మెట్టు ఎక్కింది కూడా. టెలీమెడిసిన్ యాప్ వైద్యానికి సమాచారం అడుగుతూ ఫోన్లోని కాంటాక్టుల జాబితా కూడా అడిగిందనుకోండి. మీరు రెండిటికీ సరేనన్నా, వైద్యానికి అక్కర్లేని ఆ జాబితాకు మీ ఒప్పుదల వర్తించదు. ఇది చట్టంలోనే ఉన్న ఉదాహరణ. నోరు తెరిచి ఔనన్నా చెల్లని చోటన్నమాట.

ఇప్పుడు సెక్షన్ 7(ఎ) చూడండి. మీ అంతట మీరే ఒక పని కోసం సమాచారం ఇచ్చి, "వద్దు" అని చెప్పకపోతే, ఆ పనికి వాడుకోవచ్చు. మందుల షాపులో నంబరిచ్చి రసీదు మెసేజ్ పంపమన్నారు, షాపువాడు పంపాడు. విడిగా ఒప్పుదల అక్కర్లేదు. సామెత ఇక్కడ బతికే ఉంది. అదే నంబరుకు రేపటినుంచి బీపీ మాత్రల ఆఫర్లు పంపడం మొదలెడితే అది వేరే పని, దానికి మౌనం చాలదు.

చంపావతి:
మరి సచివాలయంలో పింఛనుకు, సర్టిఫికెట్లకు ఇచ్చే వివరాలు?

వంశధార:
అది 7(బి). ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ, ప్రయోజనం, సర్టిఫికెట్, లైసెన్సు లాంటివాటికి కొన్ని షరతులతో కొత్తగా ఒప్పుదల అడగనక్కర్లేదు. మీరు పలికినా మానినా ఒకటే. కరపత్రంలో దీన్ని ఒప్పుదల పద్దులో వెయ్యకండి, పిల్లలు గజిబిజి పడతారు.

సువర్ణముఖి (బొబ్బిలి):
ఏఐ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటర్నెట్లో మనంతట మనం బహిరంగంగా పెట్టిన వ్యక్తిగత సమాచారానికి ఈ చట్టం వర్తించదు. సెక్షన్ 3లోనే ఆ మినహాయింపు ఉంది, బ్లాగు రాసేవాళ్లనే ఉదాహరణగా ఇచ్చారు. ఇక రచనల సంగతి. యూరప్ 2019 కాపీరైట్ ఆదేశంలో నాలుగో అధికరణం ప్రకారం, నెట్లో ఉన్న రచన మీద హక్కుదారు యంత్రం చదవగలిగే రూపంలో "వద్దు" అని చెప్పకపోతే డేటా తవ్వకానికి, అంటే యంత్రాలతో కుప్పలుగా చదివించి విశ్లేషించడానికి, వాడుకోవచ్చు. అక్కడ మౌనం అర్ధం కాదు, పూర్తి అంగీకారం. మన దగ్గర 2025 డిసెంబరులో డీపీఐఐటీ (కేంద్రంలో పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం) బయటపెట్టిన చర్చాపత్రం ఇంకో దారి సూచించింది: ఏఐ సంస్థలకు తప్పనిసరి లైసెన్సు, రచయితకు రాయల్టీ, కానీ వద్దనే వీలు లేదు. అది ప్రతిపాదనే.

నాగావళి:
యంత్రానికి "వద్దు" అని చెప్పడం ఎలాగండీ? మా సాహిత్య పత్రిక సైటుకు పనికొస్తుంది.

సువర్ణముఖి:
రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు. సైట్లు తిరిగి వాటిలోది పట్టుకుపోయే ప్రోగ్రాములను బాట్లంటారు, ఏ బాటు ఏది చూడొచ్చో ఇందులో రాస్తాం. 1994 నుంచి మర్యాదగా నడుస్తున్న పద్ధతి, 2022లో ఆర్ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. ఫైలు సైటు మూలంలోనే, అంటే అన్నిటికన్నా పై ఫోల్డరులోనే, ఉండాలి. లోపలి ఫోల్డరులో పెడితే ఏ బాటూ చూడదు. సబ్‌డొమైన్ (సైటు పేరు ముందు ఇంకో పేరు చేర్చిన ఉపసైటు) ఉంటే దానికి వేరే ఫైలు కావాలి. ఇంగ్లిషు అక్షరాల్లో మొదటి లైను యూజర్-ఏజెంట్, కోలన్, బాటు పేరు. రెండో లైను డిసలౌ, కోలన్, ఒక స్లాష్. ఓపెన్ఏఐది జీపీటీబాట్, నెట్లోని పేజీలను పోగుచేసి పంచే కామన్ క్రాల్ సంస్థది సీసీబాట్. గూగుల్-ఎక్స్‌టెండెడ్ వేరే బాటు కాదు, గూగుల్ ఏఐ జెమినై శిక్షణకు వద్దని చెప్పే గుర్తు మాత్రమే. దాన్ని ఆపితే గూగుల్ సెర్చిలో మీ పత్రిక పోదు. బాటు పేరు చోట నక్షత్రం గుర్తు పెట్టారంటే మాత్రం సెర్చి బాట్లకూ తలుపు మూసినట్టే. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

మీ సామెతకు అసలు విందు ఇక్కడుంది. డిసలౌ పక్కన స్లాష్ మరిచిపోయి ఖాళీ వదిలితే "అన్నీ తీసుకోండి" అని అర్థం. ఫైలే లేక సర్వరు 404 (దొరకలేదు) అంటే కూడా అంతే, పూర్తి అంగీకారం. అదే సర్వరు పాడై 500 ఎర్రర్ వస్తే, అన్నీ వద్దన్నట్టే భావించాలని ప్రమాణం చెప్తోంది. రెండూ మౌనాలే, అర్థాలు ఎదురెదురు.

ఫైలు మార్చగానే ఫలితం రాదు, బాట్లు పాత కాపీని ఒక రోజు దాకా ఉంచుకోవచ్చు. ఇదివరకే పట్టుకుపోయింది వెనక్కి రాదు. ఇది విన్నపమే గాని తాళం కాదు, వినని బాటును సర్వరులోనే ఆపాలి.

నాగావళి:
బాగా చెప్పారు. చంపావతి గారూ, కరపత్రంలోని నమూనా నోటీసు కూడా ఒకసారి పెట్టండి.

చంపావతి:
"సేవలను వినియోగించుట ద్వారా మీ వ్యక్తిగత దత్తాంశ ప్రక్రియకు సమ్మతి తెలిపినట్లుగా భావించబడును." ఇది ఒక యాప్ నోటీసులోది, ఆదర్శంగా ఉంటుందని తీసుకున్నాం.

నాగావళి:
ఆదర్శంగా కాదు, చెడ్డ ఉదాహరణగా అచ్చెయ్యండి! "భావించబడును" చూడండి. భావించేదెవరు? కర్త మాయం. మౌనాన్ని అంగీకారంగా లెక్కేసే పని అంతా ఆ "బడు"లో దాచారు. "మేం అలా అనుకుంటాం" అని రాస్తే రాసినవాడికే సిగ్గేస్తుంది. "దత్తాంశం" ఇంటర్ కుర్రాడికి అక్కర్లేదు, ఏ వివరమో పేరు పెట్టి చెప్పాలి. ఇలా రాయొచ్చు:

"మీ ఫోన్ నంబరు, పుట్టిన తేదీ తీసుకుంటాం. ఫలితాల మెసేజ్ పంపడానికే వాడతాం. సరేననుకుంటే గడిలో టిక్కు పెట్టండి. పెట్టకపోతే తీసుకోం. తర్వాత వద్దనుకుంటే ఈ లింకు నొక్కండి. ఫిర్యాదు చేయాలంటే ఈ లింకు."

వంశధార:
2025 నవంబరులో వచ్చిన నిబంధనలు అడిగేవి దాదాపు ఇవే: ఏ వివరాలు, ఏ పనికి, వెనక్కి తీసుకునే లింకు, ఈ చట్టం కింద ఏర్పడే డేటా రక్షణ బోర్డుకు ఫిర్యాదు చేసే దారి. నోటీసు వేరే కాగితం చూడకుండా దానంతట అదే అర్థమవ్వాలి. ఒప్పుకోవడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలిక కావాలి. ఒక్క టిక్కుతో ఒప్పించి, వద్దంటే ఈమెయిల్ రాయమంటే కుదరదు. ఇవన్నీ అమల్లోకి వచ్చేది 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో. కరపత్రంలో ఆ తేదీ వెయ్యండి. మీ ఇంటర్ పిల్లల్లో చాలామందికి 18 నిండవు. వాళ్ల టిక్కు చాలదు, తల్లో తండ్రో ఒప్పుకున్నారని సంస్థ సరిచూసుకోవాలి.

సువర్ణముఖి:
భాష సంగతి ఒకటి మిగిలింది. ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ నోటీసు చదివే వీలివ్వాలి. తెలుగుంది, ఇచ్ఛాపురం వైపు ఒడియావాళ్లకు ఒడియా ఉంది. సీతంపేట వైపు సవరలకు వాళ్ల భాష అందులో లేదు. శ్రీముఖలింగం దగ్గర పుట్టి, వాడుక తెలుగు కోసం పోరాడుతూనే సవరకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారి ప్రాంతమండీ ఇది. సవర లిపి 2012 నుంచి యూనికోడ్‌లో ఉన్నా, నోటీసు ఆ భాషలో ఇవ్వాలని ఏ సంస్థకూ బాధ్యత లేదు. కరపత్రాన్ని అటు కాలేజీలకు పంపేటట్టయితే, పై నమూనా నోటీసును సవర మాట్లాడే లెక్చరర్ చేత చదివించి, నిమిషం ఆడియోగా క్యూఆర్ కోడ్ కింద పెట్టండి.