గాఢనిద్రలో అనుభవం ఎవరిది?

"సుఖంగా నిద్రపోయా, ఏమీ తెలీలేదు" అని లేచాక అంటాం కదా, అక్కడే ఆగిపోయాను. గాఢనిద్ర గురించి చెప్పే మాండూక్య ఉపనిషత్తు అయిదో మంత్రానికి అద్వైతి శంకరుల భాష్యం, బ్రహ్మసూత్రాలకు విశిష్టాద్వైతి రామానుజులు రాసిన శ్రీభాష్యంలో మొదటి భాగమైన జిజ్ఞాసాధికరణం పక్కపక్కన పెట్టుకుని చదివాను. రామానుజుల మాట అందింది: నిద్రలోనూ 'నేను' వెలుగుతూనే ఉంటుంది, ధర్మభూతజ్ఞానమే (ఆత్మకు గుణంగా ఉండి విషయాల్ని తెలిపే జ్ఞానం) ముడుచుకుంటుంది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గరుండే పెద్దాయన దీన్ని ఓపిగ్గా విప్పి చెప్పారు.

అద్వైతం దగ్గరే చిక్కు. నిద్రలో అహంకారం ('నేను' అనే భావన) లయమై సాక్షి (ఊరికే చూస్తూ ఉండే చైతన్యం) మాత్రం మిగులుతుందంటారు. లేచి "నేను నిద్రపోయా" అనేది అహంకారమేగా! నిద్రలో అవిద్యావృత్తి (అజ్ఞానం పొందే ఒక మార్పు) మిగిల్చిన సంస్కారమే (జ్ఞాపకానికి మూలమైన ముద్ర) ఆ జ్ఞాపకానికి కారణమని ఒక అయ్యవారు చెప్పారు. మంచి జవాబే, కానీ పూర్తిగా కుదరలేదు. సంస్కారం ఉండేది అవిద్యలో, "నేను" అనేది అంతఃకరణంలో, అంటే మనసులో.

అద్వైతం చదివినవాళ్లు చెప్పండి: సాక్షి చూసింది అహంకారానికి తన జ్ఞాపకంగా ఎలా అందుతుంది?