పెంచలకోన అడవిలో ఒంటరిగా నడిచి జలపాతం దగ్గర ఈత కొట్టాలని ఉంది, వెళ్ళొచ్చా?

దిగుడుబావి:
అందరికీ నమస్కారం. నాది నెల్లూరు, 38 ఏళ్ళు. పెంచలకోనకి చిన్నప్పటి నుంచీ వెళ్తూనే ఉన్నాను గానీ ఎప్పుడూ ఇంటిల్లిపాదితోనే. నరసింహస్వామి దర్శనం, ఆదిలక్ష్మమ్మ గుడి, పులిహోర, మళ్ళీ బస్సు. పైన జలపాతం దాకా రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ పదిహేను మంది, ఒకరి ఫోన్లో పాటలు, ఒకరి పిల్లల గోల, అందులో నీళ్ళ చప్పుడు కూడా సరిగ్గా చెవిన పడలేదు. ఈసారి ఒక్కదాన్నే నడిచి వెళ్ళి, కాసేపు ఈత కొట్టి, మధ్యాహ్నానికి దిగి రావాలని ఉంది.

ఈత వచ్చు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నడుముకి మునగబెండ్లు కట్టి దిగుడుబావిలో వదిలి నేర్పారు. ఆ బావి ఇప్పుడు లేదు, పూడ్చి ఇల్లు కట్టుకున్నారు. ఊళ్ళో ఈత కొలనుకి వెళ్తుంటాను, కానీ కింద నీలం పలకలు చూస్తూ అటూ ఇటూ తిరగడం వేరు, చెట్ల కింద నల్లటి నీళ్ళలో దిగడం వేరు. ఆ రెండోది మళ్ళీ ఒక్కసారి కావాలి. కార్తీక మాసంలో వెళ్ళొచ్చా? పర్మిషన్ కావాలా? ఇంట్లో చెప్తే "ఒక్కదానివా?" అని గొడవ అవుతుందని ముందు ఇక్కడ అడుగుతున్నా.

గోనుపల్లి దోవ:
అక్కా, మాది రాపూరు దగ్గర. ఆ కోన మాకు పెరడు లాంటిది కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తా. గుడి దాటి పైకి పోతే అది ఉత్త అడవి కాదు, పెనుశిల నరసింహ అభయారణ్యం. 1997లో ప్రకటించారు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. జనం పోతున్నారు కదా అని మనమూ పోవడం కాదు. ముందు రోజే అడగండి, ఆ రోజు వాన ఉండి వద్దంటే వాదించకండి. ఇంకొకటి, ఇది ఎర్రచందనం అడవి. మన వైపు కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెద్దగా పెరగని చెట్టు, అందుకే దొంగలూ ఎక్కువ, కాపలా కూడా ఎక్కువ. దోవ తప్పి లోపల ఒంటరిగా కనపడితే ఎవరైనా ఆపి అడుగుతారు. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి.

అసలు సంగతి నీళ్ళు. మనకి ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి కార్తీకంలో కోన బ్రహ్మాండంగా ఉంటుంది, ప్రమాదం కూడా అప్పుడే. మీ నెత్తిన ఎండ కాస్తుంటుంది, పైన వెలికొండ మీద ఎక్కడో మబ్బు దిగి ఉంటుంది, అరగంటలో ఏరు పొంగుతుంది. 2021 నవంబరు 19న కొండకి అవతల రాజంపేట వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్టే కొట్టుకుపోయింది, ఆ వానలు ఎలాంటివో గుర్తు చేసుకోండి. మా పెద్దోళ్ళు చెప్పే గుర్తులు ఇవే: తేట నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబడితే, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తుంటే, చప్పుడు బరువెక్కితే చెప్పులు కూడా వెతుక్కోకుండా గట్టెక్కాలి. గట్టు అంటే ఏటి పక్క బండ కాదు, చెట్లు మొదలయ్యే చోటు. పోయేటప్పుడు ఏరు దాటిన దోవ తిరిగి వచ్చేటప్పుడు దాటడానికి ఉండకపోవచ్చు, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

తుపాను వార్త ఉన్న వారం అసలు వద్దు. వాన ఆగి నాలుగైదు రోజులు గడిచాక, శనివారం కాకుండా, పొద్దున పూట రండి.

పెన్నలో ఈదినోడు:
అమ్మా, నేను యాభై ఏళ్ళుగా ఈదుతున్నా, పిల్లలకి నేర్పుతున్నా. నడక గురించి నేను మాట్లాడను, ఈత గురించే చెప్తా, కాస్త కటువుగా ఉంటే ఏమనుకోవద్దు. జలపాతం కింద మడుగులో ఒక్కరే దిగొద్దు. ఈత రానివాళ్ళకి చెప్పే మాట కాదిది, వచ్చినవాళ్ళకే చెప్తున్నా.

బావిలో నీళ్ళు నిలకడగా ఉంటాయి, ఎక్కడ మునిగితే అక్కడే తేలతావు. పైనుంచి నీళ్ళు పడే చోట అలా ఉండదు. తెల్లగా నురగ కనపడేదంతా సగం గాలి, ఆ గాలి నీళ్ళలో ఒళ్ళు తేలదు, ఎంత చేయి వేసినా పట్టు దొరకదు. పడిన నీళ్ళు అడుక్కి పోయి తిరిగి బండ వైపే లాగుతాయి. నాకు పాతికేళ్ళప్పుడు ఒకసారి ఇలాగే జరిగింది, ఇంకో కోనలో. ధార కిందకి పోయి నిలబడదామని వెళ్ళా. రెండుసార్లు పైకొచ్చా, రెండుసార్లూ ఊపిరి తీసుకునే లోపే కిందకి పోయా. మూడోసారి మా బావ పంచె విసిరితే పట్టుకున్నా. ఆయన గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు కాబట్టి బతికా. ఆ రోజు నేను ఒక్కడినే వెళ్ళుంటే ఈ మాట రాయడానికి ఉండేవాడిని కాదు.

లోతు సంగతి కూడా చూసుకో. పోయినేడు నడుము లోతు ఉన్న చోటు ఈ ఏడు నిలువు లోతు ఉండొచ్చు, ఎందుకంటే ప్రతి వరదకీ ఇసుకా రాళ్ళూ జరుగుతాయి. పైనుంచి దూకడం పూర్తిగా మానుకో. ఎండలో నడిచి ఒళ్ళు కాలి ఉంటుంది, అలాగే దిగితే చన్నీళ్ళకి ఊపిరి ఒక్కసారిగా ఎగబీలుస్తుంది, అప్పుడు తల నీళ్ళలో ఉంటే నీళ్ళు మింగుతావు. ముందు కాళ్ళు, తర్వాత నడుము, మొహం కడుక్కుని, రెండు నిమిషాలు ఆగి దిగు. పాచి పట్టిన బండ మీద నడవకు, కూర్చుని జరుగు. ధారకి దూరంగా, అడుగు కనపడే మడుగులో, గట్టున ఒక మనిషి చూస్తుండగా ఈదు. ఆనందం ఏమీ తగ్గదు.

ఉదయగిరి నుంచి:
నేనూ ఆడదాన్నే, ఒంటరిగా కొండలు నడుస్తాను, అందుకే రాస్తున్నా. పై ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ అది చదివి మీరు ఇంట్లో కూర్చుంటే నాకు బాధగా ఉంటుంది. ఒంటరి నడకలో ఉన్నది గుంపులో దొరకదు. మన కాలి చప్పుడు మనకే వినిపిస్తుంది. ఎర్రచందనం మాను మీద బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, దాని మీద చెయ్యి పెట్టి ఎంతసేపు నిలబడినా "పద పద" అనేవాళ్ళు ఉండరు. గుంపులో వెళ్ళినప్పుడు నేను ఒక్క చెట్టునీ అలా చూడలేదు.

నాకు అడవిలో జంతువుల కన్నా మందు సీసాలతో వచ్చే గుంపులంటేనే భయం ఎక్కువ. అలాంటి వాళ్ళు కనపడితే మొహమాటపడకుండా వెనక్కి తిరిగి వచ్చేస్తాను, అది ఓడిపోవడం అనుకోను. ఎలుగుబంట్లు తెల్లవారుజామునా సాయంత్రమూ ఎక్కువ తిరుగుతాయి కాబట్టి బాగా తెల్లారాక బయలుదేరి మూడు గంటలకల్లా కింద ఉంటాను. చేతిలో కర్ర, నేల మీద తట్టుకుంటూ నడుస్తాను. బండల సందుల్లో చెయ్యి పెట్టను. తేనెపట్టు ఉన్న బండ కింద ఆగను, సెంటు పూసుకోను. ఫోన్ సిగ్నల్ ఉండదనే అనుకుని, ఇంట్లో ఒకరికి "ఫలానా దోవలో పోతున్నా, నాలుగింటికి ఫోన్ రాకపోతే 112కి చెప్పు" అని కాగితం మీద రాసి ఇస్తాను. గొడవ అవుతుందని చెప్పకుండా మాత్రం వెళ్ళకండి, దయచేసి. మా అమ్మ కూడా మొదటిసారి రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు తనే అటుకులు కట్టిస్తుంది.

నడక ఒంటరిగా, ఈత తోడుతో. రెండూ ఒకే రోజు కుదురుతాయి, ఆలోచించండి.

దిగుడుబావి:
అందరికీ చాలా థాంక్స్. పెద్దాయన రాసింది రెండుసార్లు చదివాను, ధార కింద నిలబడాలనే నా మనసులోనూ ఉండింది, నిజం చెప్తున్నా. ఇంట్లో చెప్పాను. గొడవ అయింది. కాగితం రాసి ఇచ్చాక తగ్గింది. రాపూరు తమ్ముడూ, అనుమతి తీసుకుని వెళ్ళేటప్పుడు కింద ఊరి మనిషి ఎవరైనా, ఆడవాళ్ళయితే మేలు, తోడు దొరుకుతారా? వాళ్ళ కూలి నేనిస్తాను.

గోనుపల్లి దోవ:
దొరుకుతారక్కా. ఆ కోనలో పుల్లలు ఏరుకుంటూ పెరిగిన పెద్దమ్మలు ఉన్నారు. ఏ బండ జారుతుందో వాళ్ళ కాళ్ళకే తెలుసు. వచ్చే ముందు ఇక్కడ చెప్పండి.

దిగుడుబావి:
వెళ్ళొచ్చాను. బుధవారం, వాన ఆగి ఆరో రోజు. అనుమతి దొరికింది, పైన పెద్ద మడుగు వరకు వద్దన్నారు, కింది దాని దాకా చాలన్నారు, సరే అన్నాను. తోడు వచ్చిన పెద్దమ్మకి నేను మాటలు లేకుండా నడవాలని ఉందని చెప్తే ఏమీ అడగలేదు, ఓ ముప్పై అడుగులు వెనక నడిచింది. స్వామి చెంచులక్ష్మిని చూసింది ఈ కొండల్లోనే అంటారు కదా, ఆ దోవలో అంతసేపు నోరు విప్పకుండా నడవడం నాకు ఇదే మొదటిసారి.

మడుగు మెడ లోతు. అడుగున రాళ్ళు కనిపించాయి. ముందు కాళ్ళు, తర్వాత నడుము, పెద్దాయన చెప్పినట్టే ఆగి ఆగి దిగాను, అయినా ఊపిరి బిగబట్టింది. ఒక ఇరవై నిమిషాలు ఈదాను. వెల్లకిలా తేలితే చెవులు నీళ్ళలో మునిగి పై ధార చప్పుడు ఒక్కటే గుండెల్లో వినిపించింది. చెట్ల సందులోంచి ఆకాశం ఒక పలక అంత కనిపించింది, మా బావిలోంచి కనిపించినంత. గట్టున పెద్దమ్మ చీర కొంగు చేతికి చుట్టుకుని, విసరడానికన్నట్టు, నేను బయటికొచ్చే దాకా నిలబడే ఉంది.