అప్‌డేట్: మా ఊరి కుర్రాళ్ల సంఘం ఏమైందంటే

పోయిన నెల అడిగాను కదా, నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర మా ఊళ్లో సంఘం పెడితే పెద్దలు పట్టించుకోవట్లేదు, ఏం చెయ్యాలని. "ముందు పొదుపు సంఘం ఆడవాళ్ల దగ్గరికి వెళ్లండి" అని చాలామంది చెప్పారు. వెళ్లాం.

మొదటి మీటింగ్‌కి నలుగురొచ్చారు, అందులో ఇద్దరు మా వాళ్లే. మేం కట్టిన ఫ్లెక్సీ చూసి ఒక పెద్దమ్మ, "ఈ డబ్బుతో గుడి సందులో రెండు బల్బులొచ్చేవి కదా అబ్బయా" అంది. నిజమే. ఫ్లెక్సీ ఇప్పుడు గడ్డివాము మీద కప్పారు, అదైనా పనికొచ్చింది.

మేం లైబ్రరీ పెడదామనుకున్నాం. ఆ ఆడవాళ్లు అడిగింది వేరే: బ్యాంకు కాగితాలు, కరెంటు బిల్లు, పింఛను అప్లికేషన్ చదివి చెప్పేవాళ్లు కావాలట. ఇప్పుడు మంగళ, శుక్రవారాలు సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చుంటున్నాం. మొన్న ఒకావిడ సంచిలోంచి మూడేళ్ల రసీదులు కుప్పగా పోసింది. కట్టేసిన వాయిదాకే మళ్లీ నోటీసొచ్చింది! రసీదులు పట్టుకుని ఆవిడతో బ్యాంకుకి వెళ్లొచ్చాం, సరిచేస్తామన్నారు.

మా మండలంలోని దూబగుంటలో 1992 సారా వ్యతిరేక ఉద్యమం మొదలైంది కూడా ఆడవాళ్లు చదువు నేర్చుకునే రాత్రి బడుల్లోనే. అది మా అమ్మ గుర్తు చేసేదాకా నాకు తట్టలేదు, సిగ్గుచేటు.

రిజిస్ట్రేషన్ సంగతి: 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మేం అయిదుగురం. ఆ పెద్దమ్మనీ, ఆవిడ కోడలినీ అడిగాం. కోడలు సరేనంది. పెద్దమ్మ మాత్రం బల్బులు వేశాక రమ్మంది.