ప్రసవాలు, ఐసీయూ, ఎమర్జెన్సీ అన్నీ నేర్పే ఫ్యామిలీ మెడిసిన్ ప్రోగ్రామ్‌ని ఎలా గుర్తుపట్టాలి?

పాడేరు_డాక్టర్ అడిగారు:

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో ఎంబీబీఎస్ చేశాను. తర్వాత పాడేరు ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేశాను. కాన్పులు, పాముకాట్లు, మలేరియా, పిల్లల నిమోనియా, కత్తిగాట్లకు కుట్లు, అన్నీ నా చేతి మీదుగానే. పెద్దాసుపత్రికి పంపాలంటే అంబులెన్సు ఘాట్ దిగాలి కాబట్టి పంపేలోపు చెయ్యగలిగినదంతా చేసేదాన్ని. ఆ పని నాకు బాగా నచ్చింది. పెళ్లయ్యాక డల్లాస్ వచ్చాను (హెచ్4, అంటే భర్త వీసా మీద). ఇక్కడి లైసెన్సు పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3 కూడా అయిపోయింది. ఈసారి రెసిడెన్సీకి (ఆసుపత్రిలో మూడేళ్ల శిక్షణ) ఫ్యామిలీ మెడిసిన్ ఒక్కదానికే అప్లై చేశాను. ఇంటర్వ్యూలు ముగిశాయి, ర్యాంక్ లిస్టు (ఇష్టమైన వరసలో ప్రోగ్రాముల జాబితా) పెట్టాలి. పైన పెట్టదగ్గవి మూడు ఉన్నాయి.

ఎ: మిడ్‌వెస్ట్‌లో ఒక మోస్తరు ఊరు. ఆసుపత్రిలో ఫ్యామిలీ మెడిసిన్ తప్ప వేరే రెసిడెన్సీ లేదు, అంటే అనపోజ్డ్. ఏడాదికి ఆరుగురు రెసిడెంట్లు. వీసా జె1 (శిక్షణకిచ్చేది) మాత్రమే.

బి: తూర్పు తీరంలో యూనివర్సిటీ. పేరు చెబితే ఊళ్లో మా మావయ్యకి కూడా తెలుస్తుంది. ఓబీ (కాన్పుల విభాగం), పీడియాట్రిక్స్, సర్జరీ రెసిడెంట్లందరూ అక్కడే ఉంటారు. హెచ్1బి (ఉద్యోగ వీసా) కూడా ఇస్తామన్నారు.

సి: 1+2 రూరల్ ట్రాక్. మొదటి ఏడు సిటీ ఆసుపత్రి, మిగతా రెండేళ్లు ఒక వ్యవసాయపు ఊరు. ఏడాదికి ఇద్దరే. జె1.

మూడు వెబ్‌సైట్లలోనూ "ఫుల్ స్పెక్ట్రమ్" (అన్ని రకాల వైద్యం) అనే ఉంది, మూడు చోట్లా నవ్వుతూ అదే మాట చెప్పారు. నాకు కాన్పులు వదులుకోవడం ఇష్టం లేదు. చిన్న ఊళ్లో అయినా అన్నీ చూసే డాక్టరుగా ఉండాలని ఉంది. ఎవరు నిజంగా నేర్పుతారో కనిపెట్టేదెలా?

గోధుమచేలు:

చెల్లీ, నేను కాన్సస్ పడమటి వైపు ఒక కౌంటీ ఆసుపత్రిలో ఫ్యామిలీ డాక్టర్ని. కరీంనగర్ దగ్గర పుట్టి ఇక్కడ తేలాను. మాది క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రి, అంటే మారుమూల ఊళ్ల చిన్న ఆసుపత్రి. 1997 చట్టంతో వచ్చిన ఏర్పాటు ఇది; 25 బెడ్లకు మించి ఉండకూడదు. పొద్దున క్లినిక్, మధ్యలో నర్సింగ్ హోమ్, నా వంతు వచ్చిన రాత్రి ఎమర్జెన్సీ, మధ్యలో ఎవరికైనా నొప్పులొస్తే లేబర్ రూమ్. మంచు తుఫాను రోజున హెలికాప్టర్ ఎగరదు. ధాన్యం ఎత్తే ఆగర్‌లో చెయ్యి పడ్డ రైతు వచ్చినా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఊపిరి అందక కొట్టుకుంటున్నా, రోడ్డు తెరిచేదాకా మేమే.

ఇలాంటి ఉద్యోగంలో చేరేటప్పుడు ఏం అడుగుతారో ముందు తెలుసుకో, ప్రోగ్రామ్ ఎంపిక అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోవచ్చు. నన్ను క్రెడెన్షియల్స్ కమిటీ (ఏ డాక్టర్ ఏ పని చెయ్యొచ్చో తేల్చేవాళ్లు) అడిగింది నా ప్రొసీజర్ లాగ్, అంటే చేతితో చేసిన పనుల లెక్క. కాన్పులెన్ని, ఇంట్యుబేషన్లెన్ని, సెంట్రల్ లైన్లెన్ని, సిజేరియన్‌లో ఫస్ట్ అసిస్ట్ ఎన్నిసార్లు, కాల్పోస్కోపీ వచ్చా. దానికి తోడు ప్రోగ్రామ్ డైరెక్టర్ ఉత్తరం. ఏ యూనివర్సిటీ అన్నది ఎవరూ ఎత్తలేదు. లాగ్‌లో లేని పనికి ప్రివిలేజ్ (చేసే అనుమతి) ఇవ్వరు, అంతే.

ఇప్పుడు అంకెల సంగతి. 2023 జులై నుంచి అమల్లో ఉన్న ఏసీజీఎంఈ (రెసిడెన్సీలకి గుర్తింపిచ్చే సంస్థ) నియమాల్లో, సొంతంగా కాన్పులు చెయ్యాలనుకునే రెసిడెంట్‌కి లేబర్ అండ్ డెలివరీలో కనీసం 400 గంటలు లేదా నాలుగు నెలలు, 80 కాన్పులు ఉండాలి. ఆసక్తి లేనివాళ్లకి అంత అక్కర్లేదు. కాబట్టి "మా దగ్గర ఓబీ ఉంది" అన్నది సమాధానం కాదు. "పోయిన ఏడాది బయటికెళ్లినవాళ్లలో ఎందరు 80 దాటారు?" అని అడుగు. అంకె చెప్తే వినొచ్చు. "ఆసక్తి ఉంటే అవకాశాలు చాలా ఉంటాయి" అన్నారంటే లేవనే అర్థం చేసుకో.

అనపోజ్డ్ అనగానే మనవాళ్లు పొంగిపోతారు. దానికీ లెక్క ఉంది. ఆసుపత్రిలో ఏడాదికి 240 కాన్పులు అనుకో. అందులో సగం ప్రైవేటు ఓబీ గ్రూపు పేషెంట్లు, రెసిడెంట్‌ని దగ్గరికి రానివ్వరు. మిగిలింది 120. ఏడాదికి ఆరుగురు రెసిడెంట్లయితే మూడేళ్లలో తలా 20. పోటీకి వేరే రెసిడెంట్ ఒక్కడూ లేకపోయినా సరే, తలా 20! అందరూ 80 చేరాలంటే ఏడాదికి 480 రెసిడెంట్ల చేతికి రావాలి. ఎ వాళ్లని, సి వాళ్లని మొత్తం ఎన్ని, అందులో మీ చేతికొచ్చేవెన్ని అని విడివిడిగా అడుగు. సి విషయంలో ఇంకొకటి. పల్లె ఆసుపత్రుల్లో లేబర్ వార్డులు వరసగా మూతపడుతున్నాయి. నువ్వు చేరేనాటికి అది ఉంటుందా అన్నది మొహమాటం లేకుండా అడగాల్సిన మాట.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, నేర్పేవాళ్లెవరు అన్నది. రాత్రి మూడింటికి బిడ్డ భుజం ఇరుక్కుంటే పరిగెత్తుకొచ్చే అటెండింగ్ (పై డాక్టర్) ఎవరు? మా ప్రోగ్రామ్‌లో ఆమె ఫ్యామిలీ డాక్టరే. అదే మనిషి మధ్యాహ్నం క్లినిక్‌లో నా షుగర్ పేషెంట్ల మందులు దిద్దేది, వార్డులో గుండె ఫెయిల్యూర్ కేసు నాతో చూసేది. ఒక మనిషి ఇవన్నీ చెయ్యగలదని రోజూ కళ్ల ముందు కనిపిస్తే, నేనూ చేస్తానన్న ధైర్యం అదే వస్తుంది. ఫ్యాకల్టీ అందరూ క్లినిక్‌కే పరిమితమై, కాన్పులు ఓబీ వాళ్ల దగ్గర, పిల్లలు పీడియాట్రిషన్ల దగ్గర నేర్చుకునే చోట ఆ ధైర్యం రావడం కష్టం.

ఐసీయూలో రెసిడెంట్ ఆర్డర్లు రాస్తాడా, గోడకి ఆనుకుని చూస్తాడా? కోడ్ బ్లూ (గుండె ఆగినప్పటి అత్యవసర చికిత్స) ఎవరు నడుపుతారు? ఆరు నెలల ఎలెక్టివ్ టైమ్ నిజంగా నీ ఇష్టమేనా, ఖాళీ షిఫ్టులు నింపడానికి వాడతారా? గత మూడేళ్ల గ్రాడ్యుయేట్లు ఎక్కడ, ఏం చేస్తున్నారు? వీటిని ఫ్యాకల్టీ లేని చోట థర్డ్ ఇయర్ వాళ్లని అడుగు. వీలైతే లేబర్ వార్డు నర్సుతో ఒక్క పది నిమిషాలు మాట్లాడు. ఆమెకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

పేర్లు కావాలంటే: ఈ తరహా శిక్షణకి విచిటా, సలైనా (రెండూ మా కాన్సస్‌లోవే), కాలిఫోర్నియాలో వెంచురా, ఫోర్ట్‌వర్త్‌లో జాన్ పీటర్ స్మిత్, బోయిసీ, యాంకరేజ్ గురించి అందరూ చెప్పుకుంటారు. నీ మూడింటినీ వాటి పక్కన పెట్టి రొటేషన్ షెడ్యూళ్లు పోల్చి చూడు, తేడా అదే తెలుస్తుంది.

ఎడిసన్_బాబాయ్:

పైన చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి గానీ, నేను కొంచెం చేదు మాట చెప్తాను. రెసిడెన్సీలో కాన్పులు చేసినవాళ్లలో చాలామంది ఉద్యోగంలో చేరాక మానేస్తారు. రాత్రి కాల్, మాల్‌ప్రాక్టీస్ ప్రీమియం, పిల్లల బడి. నేనూ మానేశాను, హాయిగా ఉన్నాను. అందుకని మూడేళ్ల జీవితాన్ని ఒక్క లాగ్ కోసం తూచకమ్మా.

వీసా వైపు చూడు. జె1 అయితే తర్వాత రెండేళ్లు ఇండియా వెళ్లాలి, లేదా వెయివర్ (ఆ షరతు నుంచి మినహాయింపు) తెచ్చుకోవాలి. కాన్రాడ్ అనే పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 వెయివర్లు, డాక్టర్లు తక్కువగా ఉన్న చోట మూడేళ్లు పనిచెయ్యాలి. నీకెలాగూ పల్లెటూరే కావాలంటున్నావు కాబట్టి నీకది శిక్ష కాదు. కానీ మీ ఆయన ఉద్యోగం డల్లాస్‌లో, అది మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది. హెచ్1బి సంగతి: 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు దేశం బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్లకి. నువ్వు హెచ్4 మీద ఇక్కడే ఉన్నావు, స్టేటస్ మార్పు వేరే దారి. అయినా ఆ ఫీజు పేరు చెబితేనే కొన్ని ప్రోగ్రాములు బెదిరిపోతున్నాయి. బి వాళ్లు ఇంకా ఇస్తామంటున్నారా అని రాతపూర్వకంగా తీసుకో, లాయర్‌కి చూపించు.

మూడో_ఏడు:

నేను బి లాంటి చోటే ఉన్నాను, థర్డ్ ఇయర్. యూనివర్సిటీ అంటే ఏమీ దొరకదనుకోకండి అక్కా. కాన్పుల్లో ఓబీ ఇంటర్న్ తర్వాతే మన వంతు, అది నిజం. కానీ పిల్లల వార్డులో నేను చూసినన్ని రకాల కేసులు చిన్న ఆసుపత్రిలో రావు, వాటిని సిటీకి పంపేస్తారు. డీకేఏ (షుగర్ బాగా పెరిగి వచ్చే ప్రమాదం), కవసాకి, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులు, అన్నీ మా దగ్గరికే వస్తాయి.

ఒక్కటి అడగండి: ఫ్యామిలీ మెడిసిన్‌కి సొంత ఇన్‌పేషెంట్ సర్వీస్ ఉందా? క్లినిక్‌లో మీరు చూసే గర్భిణి కాన్పుకొస్తే మిమ్మల్నే పిలుస్తారా? మా దగ్గర పిలుస్తారు, అందువల్లే నాకు కొన్నయినా దక్కాయి. ఇంకా కావాలని తర్వాత ఏడాది సర్జికల్ ఓబీ ఫెలోషిప్‌కి (సిజేరియన్లు కూడా నేర్పే అదనపు శిక్షణ) వెళ్తున్నాను. అంటే మీకు మూడేళ్లలో వచ్చేది నాకు నాలుగేళ్లు పడుతోంది.

పాడేరు_డాక్టర్:

అందరికీ థాంక్స్. ఎ, సి రెండు చోట్లకీ మెయిల్ పెట్టాను. ఎ కోఆర్డినేటర్ అంకెలతోనే జవాబిచ్చారు. ఆసుపత్రిలో ఏడాదికి 500 పైన కాన్పులు, రెసిడెంట్ల చేతికి వచ్చేవి దాదాపు 200. బ్యాచ్‌లో ఇద్దరు ఓబీ ట్రాక్ తీసుకుంటారట, ఆ ఇద్దరూ 80 దాటుతున్నారు. మిగతా నలుగురికి తక్కువే. కాన్పులు చేసే ఫ్యామిలీ ఫ్యాకల్టీ ముగ్గురు. సి వాళ్ల ఊళ్లో లేబర్ వార్డు లేదు, కాన్పులకి 40 నిమిషాల దూరంలో ఇంకో ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మాట ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పలేదు.

గోధుమచేలు:

అంకె చెప్పారంటే లెక్క రాసుకుంటున్నారన్నమాట, మంచి గుర్తే. సి లో నొప్పులొచ్చినప్పుడు క్లినిక్ వదిలి 40 నిమిషాలు వెళ్లనిస్తారా అన్నది అక్కడి సెకండ్ ఇయర్‌ని అడిగి చూడు. నాకైతే నమ్మకం లేదు.

ఎ లో ఆ ఇద్దరెవరన్నది ఎప్పుడు, ఎవరు తేలుస్తారు? ముగ్గురు అడిగితే ఏం చేస్తారు? అది కనుక్కో. వీసా గురించి బాబాయ్ చెప్పింది సబబే, ఆ సంగతి ఇంట్లో తేల్చుకో. తర్వాత లిస్టు నీకు నిజంగా ఇష్టమైన వరసలోనే పెట్టు. ఎక్కడ వస్తుందో ఊహించి పైకీ కిందికీ మార్చకు. మ్యాచ్ (అభ్యర్థుల్నీ ప్రోగ్రాముల్నీ జత కలిపే పద్ధతి) అల్గారిథమ్ అభ్యర్థి లిస్టు వైపు నుంచే నడుస్తుంది, పైన పెట్టిన చోట రాకపోయినా కింద పెట్టినదానికి నష్టం ఉండదు.