ప్రొటమిన్ ఇవ్వగానే పసివాడి బీపీ పడిపోయింది: తప్పు మందుదా, మన చేతిదా?

డిండి మత్తు డాక్టర్:
గుండె గదుల మధ్య రంధ్రం మూశాం. బిడ్డ బరువు 5 కిలోలు. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే పంపు ఆపి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్‌కు విరుగుడుగా ప్రొటమిన్ ఎక్కిస్తుంటే మూడో నిమిషంలో పై బీపీ 72 నుంచి 48కి జారింది. ‘ప్రొటమిన్ అంటే అంతే’ అన్నారు సీనియర్. నేను ఒప్పుకోను. 2003లో 1,249 మంది పిల్లల రికార్డులు తిరగేసిన పరిశీలనలో, ఈ మందుకు ముడిపెట్టదగిన బీపీ పతనం నూటికి మూడు కన్నా తక్కువే. మిగతా నేరాలన్నీ దీని ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటున్నాం.

పాలమూరు పర్ఫ్యూజనిస్టు (ఆ పంపు నడిపే నిపుణుడు):
సర్, మందును మరీ పత్తిత్తును చేయకండి. అది ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది, రక్తనాళాలు సడలుతాయి. వేగంగా ఇస్తే ఇంకా ఎక్కువ. 100 యూనిట్ల హెపారిన్‌కు 1 మిల్లీగ్రాము లెక్కన మీ బిడ్డకు మహా అయితే 20 మిల్లీగ్రాములు. అంటే చిన్న సిరంజిలో రెండు మిల్లీలీటర్లు. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాలనిపించే పరిమాణం అది! మందును నెమ్మదిగా ఎక్కించే సిరంజి పంపుకు తగిలించి పది నిమిషాలు నడిపారా?

డిండి మత్తు డాక్టర్:
నడిపాను. పన్నెండు నిమిషాలకు పెట్టాను. అందుకే అడుగుతున్నది. ఆ బిడ్డ ఒంట్లో ఉండేదే దాదాపు 400 మిల్లీలీటర్ల రక్తం. గుడ్డల్లో 40 ఇంకిందంటే పదో వంతు పోయినట్టే. పైగా ఎక్కించిన రక్తంలో గడ్డకట్టకుండా కలిపే సిట్రేటు కాల్షియాన్ని పట్టేస్తుంది. పసిగుండె కండరం రక్తంలోని కాల్షియం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కొలిచి చూస్తే నిజంగానే తక్కువగా ఉంది. కాబట్టి విరుగుడుకు ముందే కాల్షియం సరిచేయాలంటాను.

సూర్యాపేట పీజీ:
కొలిచి సరిచేయడం వేరు సర్, అలవాటుగా ముందే పోయడం వేరు. రెండోది ప్రొటమిన్ దెబ్బను కప్పేస్తుంది. నేను భయపడేది మరొకటి: పెద్ద రంధ్రంతో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగిన పిల్లల్లో అరుదుగా ఆ నాళాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. అప్పుడూ బీపీ పడుతుంది. రక్తం తక్కువైందనుకుని ఇంకా ఎక్కిస్తే కుడి జఠరిక మరింత ఉబ్బుతుంది. ఛాతీ తెరిచే ఉంది కదా, మానిటర్ వదిలి గుండె వంక చూడాలి. ఖాళీగా, చిన్నదిగా ఉంటే రక్తం చాలలేదు. కుడివైపు ఉబ్బి, ఎడమవైపు ఖాళీగా ఉంటే ప్రొటమిన్ ఆపాలి. అవసరమైతే మళ్లీ హెపారిన్ ఇచ్చి పంపు ఎక్కాలి. అందుకే పంపు గొట్టాలు అప్పుడే తీసేయనివ్వకూడదు.

పాలమూరు పర్ఫ్యూజనిస్టు:
గొట్టాల మాట నూటికి నూరు పాళ్లు. సర్జన్లకు అక్కడే తొందర.

దేవరకొండ నుంచి ఒక తండ్రి:
అయ్యా, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మేము సాగర్ నీళ్లలో వేటాడి బతికేవాళ్లం. వచ్చే నెల మా పాపకు ఆపరేషన్. బొచ్చె చేప తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఈ మందు చేప నుంచే తీస్తారని విన్నాను. నిజమేనా?

డిండి మత్తు డాక్టర్:
నిజమే అన్నా, మగ సాల్మన్ చేప వీర్యం నుంచి తీస్తారు. చేప పడనివాళ్లందరికీ ఇది పడదని కాదు. చాలామందికి ఏమీ కాదు. అయినా ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ వచ్చినప్పుడు ఈ దద్దుర్ల సంగతి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగకండి. కేస్ షీట్‌లో రాయించండి.