ఎన్‌జీఎఫ్ (నరాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్) నరకణాన్ని బతికిస్తుందా, దారి కూడా చూపిస్తుందా?

బ్రాడీపేట ఫిజియాలజీ:
డీఆర్‌జీ (వెన్నుపాము పక్కనుండే నరకణాల ముడి) కణాల తంతువులకు, అంటే వాటి తీగల్లాంటి కొమ్మలకు, ఎన్‌జీఎఫ్ దారి చూపిస్తుందని మన పీజీలు సెమినార్లలో చెప్పేస్తున్నారు. నేను ఒప్పుకోను. దాని పని బతికించడం. ఎన్‌జీఎఫ్ జన్యువు తీసేసిన ఎలుకల్లో నొప్పి తెలిపే కణాలు చచ్చిపోతాయి. మనుషుల్లో దాని గ్రాహకం ట్రాక్-ఏ చెడితే బిడ్డకు నొప్పి తెలియదు, చెమట పట్టదు. కణమే లేనప్పుడు దారి మాటెక్కడిది?

బెంజ్ సర్కిల్ న్యూరో:
సర్, చావును ఆపి మరీ చూశారు కదా! కణాన్ని చావువైపు నెట్టే బ్యాక్స్ ప్రోటీన్ లేకపోతే ఈ కణాలు ఎన్‌జీఎఫ్ లేకున్నా బతుకుతాయి. 2000లో ఆ రెండు జన్యువులూ లేని ఎలుకల్ని పరిశీలిస్తే కణాలున్నాయి, వెన్నుపాములోకి వెళ్లే కొమ్మ కూడా ఉంది. చర్మంలోకి వెళ్లాల్సిన కొమ్మే చేరలేదు. నొప్పి కణాల గుర్తులైన సీజీఆర్‌పీ, సబ్‌స్టెన్స్-పి తయారుకాలేదు. బతికించడమే పనైతే ఈ లోపాలు ఎందుకొచ్చాయి? 2004లో ట్రాక్-ఏ స్థానంలో దాని సోదర గ్రాహకం ట్రాక్-సి పెడితే, నొప్పి కణాలు కావాల్సినవి కొన్ని కండరాల స్థితి తెలిపే కణాలైపోయాయి.

బ్రాడీపేట ఫిజియాలజీ:
గుణం మారుతుందంటే సరే. దారి మాత్రం కాదు. ఎలుక మీసాల చర్మంలో ఎన్‌జీఎఫ్ తయారీ మొదలయ్యేది తొలి తంతువులు అక్కడికి చేరే వేళకే. ఇది 1987లోనే తేలింది. అంతకుముందు లేని పదార్థం దూరం నుంచి ఎలా పిలుస్తుంది?

బెంజ్ సర్కిల్ న్యూరో:
దూరపు దారి సెమాఫోరిన్ల (తంతువులకు దిశ చెప్పే ప్రోటీన్లు) వంటివి చూసుకుంటాయి, అక్కడ మీ మాటే. చర్మం చేరాక లోపలికి చొచ్చుకెళ్లి కొమ్మలు వేయడం ఎన్‌జీఎఫ్ చలవే. 1979లో కోడిపిండం డీఆర్‌జీ కణాల పక్కన ఎన్‌జీఎఫ్ పిపెట్ పెడితే, పెరుగుతున్న కొనలు నిమిషాల్లో అటు తిరిగాయి. అంతలో చావుబతుకుల లెక్క రాదు.

బెజవాడ కల్చర్:
పీజీలు ఇక్కడే తేల్చుకోవచ్చు. 8 రోజుల కోడిపిండం డీఆర్‌జీ, లామినిన్ (తంతువులు అతుక్కుని పాకే ప్రోటీన్) పూసిన డిష్, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. మీడియాలో (కణాలు పెరిగే ద్రవంలో) మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల ఎన్‌జీఎఫ్ వేస్తే 24 గంటలకల్లా చుట్టూ తంతువుల వలయం వస్తుంది. దాన్ని ఫొటో తీసి ‘దారి చూపింది’ అని రాయకండి. మందు అన్ని పక్కలా సమానంగా ఉన్నప్పుడు దిక్కు అనే ప్రశ్నే లేదు. మీడియాలో కలపకుండా, ఎన్‌జీఎఫ్‌లో నానబెట్టిన పూసను ఒక పక్కన అర మిల్లీమీటరు దూరంలో, పోలిక కోసం అల్బుమిన్ (మామూలు ప్రోటీన్) పూసను ఎదురుపక్కన పెట్టండి. అన్ని డిష్‌ల్లోనూ కాస్పేస్ నిరోధకం (కణాల చావును ఆపే మందు) ఉండాలి, లేకపోతే అటుపక్క కణాలు చచ్చి ఇటుపక్క పెరిగినట్టు కనిపిస్తుంది.

పలుచన చేసేటప్పుడు 0.1 శాతం అల్బుమిన్ కలపండి. లేదంటే ఎన్‌జీఎఫ్ ట్యూబు గోడకు అంటుకుపోతుంది, ఎంత వేశామనుకున్నామో అంత ఉండదు. గుడ్లు హేచరీవే కావాలి, కిరాణా కొట్టు గుడ్లలో పిండం ఉండదు. మే నెల ఎండకు దారిలోనే పిండం ఎదగడం మొదలెడుతుంది కాబట్టి రోజులు లెక్కపెట్టకుండా హాంబర్గర్-హామిల్టన్ దశ (పిండం రూపాన్ని బట్టి ఎదుగుదల చెప్పే అంకె) చూడండి, 34 దగ్గర ఉండాలి. దశలు కలిసిపోతే తేడా మందు వల్లో వయసు వల్లో చెప్పలేం.