రౌటర్‌లో ఒక ఐపీ, గూగుల్లో ఇంకో ఐపీ.. ఏది నాది?

మామిడి_చిత్తూరు:
అన్నా, బంగారుపాళ్యం కాడ మా మండీలో కెమెరాలు పెట్టించినా. ఆడే ఉంటే ఫోన్లో బొమ్మ వస్తాది, చిత్తూరుకి ఇంటికొస్తే రాదు. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు అడ్రస్) 100.72 అని మొదలవతాది, గూగుల్లో చూస్తే 103తో వేరేది, ఊరేమో చెన్నై అంటాది. బయట్నుంచి కెమెరాకి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ రౌటర్‌లో మూడుసార్లు పెట్టినా. కాయ దిగే టైమ్, రాత్రిళ్లు నిద్ర లేదు. స్పీడు 100 అని చెప్పి డౌన్‌లోడ్‌లో 12 వస్తాంది.

కొర్లగుంట_కేబుల్:
ఆ 12 ఎంబీనా (సెకనుకి మెగాబైట్లు), ఎంబీపీఎస్సా (సెకనుకి మెగాబిట్లు), ముందు అది చూడు. 12 ఎంబీ అయితే నీ 100 నీకు వస్తా ఉన్నట్టే, బైటుకి 8 బిట్లు, 8తో గుణించుకో. ఇది తెలీకుండా రోజూ మమ్మల్ని దొంగలంటారు, వాన పడినా స్తంభం ఎక్కేది మేమే.

అలిపిరి_నెట్‌వర్క్:
100తో మొదలైతే పబ్లిక్ ఐపీనే, బయట్నుంచి నేరుగా చేరొచ్చు. లోపల మాత్రమే వాడే ప్రైవేటువి 10, 192.168, 172.16 నుంచి 172.31 దాకా, అంతే. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నా. పోర్ట్ నంబర్ తప్పు కొట్టుంటావు.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్:
పదిహేనేళ్లలో సీజీనాట్ వినలేదా, చానా ఇండ్లకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇచ్చే పద్ధతి? 100.64 నుంచి 100.127 దాకా నెట్ కంపెనీలు లోపల వాడుకునేదానికని 2012లోనే పక్కన పెట్టేసినారు. ఇట్లా చుక్కలు పెట్టి రాసే ఐపీవీ4 అడ్రస్సులు మొత్తం 429 కోట్లే, ఇంటికొకటి యాడ తెస్తారు? సత్రానికి ఒకటే అడ్రస్, లోపల నూరు రూములు. రూం నంబర్ లేకుండా జాబు వస్తే ఎవరికిస్తారు? ఈయన రూం తలుపు ఎన్నిసార్లు తెరిచినా గేటు కాడ నిలిచిపోతాది.

అలిపిరి_నెట్‌వర్క్:
100.20 పబ్లిక్ కాదా మరి? 100 మొత్తం ప్రైవేటని జనానికి తప్పు చెప్పొద్దు.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్:
మొత్తం అని యాడ అన్నా? పైన చదువు. నీ మాట నమ్మి ఆయన ఇంకో వారం పోర్టులు మారుస్తా కూర్చోవాల్నా?

తిరుచానూరు_అమ్మ:
మీ కొట్లాట ఆపండి నాయనా. గేమ్ ఆడేటప్పుడు ఎవడో నీ ఐపీ దొరికింది, ఇంటికొస్తా అని మా పిల్లోణ్ణి బెదిరిస్తే రెండు రోజులు అన్నం తిన్లేదు. ఐపీ పట్టుకుంటే కంపెనీ పేరు, సుమారుగా ఊరు తెలుస్తాయంతే, అదీ మాకు కూడా చెన్నైయే చూపిస్తాది. ఇంటి అడ్రస్ కనెక్షన్ ఇచ్చినోళ్ల రికార్డులో ఉంటాది, ఎవడు పడితే వాడు అడిగితే ఇయ్యరు. పిల్లోళ్లు ఉండే ప్రతి ఇంట్లో ఇది చెప్పండి.

అలిపిరి_నెట్‌వర్క్:
100.72 విషయంలో నాదే తప్పు, ఇప్పుడే చూసినా. కానీ గొంతు పెంచాల్సిన పన్లేదు. స్టాటిక్ ఐపీ, అంటే నీ ఒక్కడికే మారని పబ్లిక్ ఐపీ, తీసుకో తమ్ముడూ, పనవుతుంది.

మామిడి_చిత్తూరు:
అడిగినా, దానికి నెలనెలా వేరే దుడ్లంట.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్:
ఆగు, కట్టొద్దు. డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) సెట్టింగుల్లో పీ2పీ అని ఉంటే ఆన్ చేసి యాప్‌లో క్యూఆర్ స్కాన్ చెయ్. అప్పుడు డీవీఆరే బయటికి పోయి కెమెరా కంపెనీ సర్వర్‌ని పట్టుకుంటాది, బయట్నుంచి ఎవురూ లోపలికి రావాల్సిన పన్లేదు. పాస్‌వర్డ్ మాత్రం ఈరోజే మార్చు.

మామిడి_చిత్తూరు:
వచ్చిందన్నా!! ఇంట్లో కూర్చోని కాటా కాడ మనుషుల్ని చూస్తాండా. నాలుగు కెమెరాలూ ఒకేసారి పెడితే మాత్రం ఆగి ఆగి వస్తాంది.

కొర్లగుంట_కేబుల్:
మండీ కనెక్షన్‌లో అప్‌లోడ్ ఎంత వస్తాది? డౌన్‌లోడ్ చెప్పొద్దు, అప్‌లోడ్ చెప్పు, మండీ నుంచి బొమ్మ బయటికి పోయేది దాంట్లోనే.